పాత కంప్యూటరుతో సికింద్రాబాదునకు

యాత్ర లనగానే మన ఆడువారికి కాశియో, తిరుపతియో, శ్రీశైలమో తలపునకు వచ్చును. పెండ్లిండ్లకును పురుళ్లకును చేయు ప్రయాణములను మనము యాత్రలలో జమకట్టము. ఇక ఒక పాత యంత్రమును సంచిలో పెట్టుకొని, దానికి వైద్యము చేయించుటకై పోయిన ప్రయాణమును ఏమని పిలువవలెనో మాకు తోచలేదు. అయినను 2024 ఫిబ్రవరి చివర, మేడారము జాతర ముగిసిన కొన్ని దినములకు, మా అమ్మాయిని వెంటబెట్టుకొని హనుమకొండ నుండి సికింద్రాబాదునకు పోయి వచ్చిన ఆ యొక్కనాటి ప్రయాణము మాకు మరపునకు రాదు. సజ్జమీద పాత కంప్యూటరు గల ఇండ్లు మన చదువరులలో చాలనే యుండును. వారికి కొంత అక్కరకు వచ్చునని ఇది వ్రాయుచున్నాము.

మొదట ఆ యంత్రపు కథ చెప్పవలెను. 2014లో మా పెద్దవాడు ఇంజనీరింగులో చేరినప్పుడు చీటీ పాడి 32,000 రూపాయలు పెట్టి ఒక ల్యాప్‌టాపు కొనియిచ్చితిమి. వాడు దానిని నాలుగేండ్లు వాడుకొనెను. ఉద్యోగము దొరకిన పిమ్మట కంపెనీవారే వానికి కొత్తది ఇచ్చిరి. పాతది పాతచీరల మూట ప్రక్కను సజ్జ యెక్కెను. 2023లో మా అమ్మాయి డిగ్రీలో గణితమును, గణాంకశాస్త్రమును తీసికొని చేరినది. అప్పుడు చీటీ పాడవలెనని మా ఇంటిలో ఎవ్వరికిని తోచలేదు. సజ్జమీదిదానిని దింపి, దుమ్ము తుడిచి, "అన్నది ఉన్నది గదా, వాడుకొమ్ము" అని చేతికిచ్చితిమి.

ఈ మాట వ్రాయుటకు కలము కొంత వెనుకాడుచున్నది. అక్క లంగా చెల్లెలికి వచ్చుట మన ఇండ్లలో క్రొత్త గాదు. అందులో తప్పును లేదు. కాని అక్క లంగా అంచు ఊడియుండినచో మనము కుట్టి ఇత్తుము. పొట్టిదైనచో మడత విప్పి ఇత్తుము. ఈ యంత్రమును ఆపాటియైనను చూడక ఇచ్చితిమి.

దాని స్థితి ఎట్లుండెననగా, మీట నొక్కి పొయ్యిమీద పాలు పెట్టి, అవి పొంగి, దింపి, అందరికిని టీలు పోసి వచ్చునప్పటికి గాని దాని తెర పనికి వచ్చెడిది కాదు. ఒక పని నడుచుచుండగా రెండవది తెరచినచో రెండును బిగుసుకొని పోవును. కరెంటు పోయిన పది నిమిషములలో అదియును ఆరిపోవును. మా అమ్మాయి దానితో వేగలేక కళాశాల పనులన్నియు ఫోనులోనే చేసికొనసాగెను. కళాశాలలో కంప్యూటర్ల గది నాలుగు గంటలకు మూసివేయుదురు. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు మంచినీళ్లకై లేచి చూతుము గదా, ఆమె గోడకు ఆనుకొని, అరచేతి యంత ఫోనులో నూరు అంకెల పట్టిక నొకదానిని బొటనవ్రేలితో ఒక్కొక్కటిగా ఎక్కించుకొనుచున్నది. ఆమె ఎన్నడును మాతో ఒక్క మాట అనలేదు. అదియే మాకు ఎక్కువగా గ్రుచ్చుకొన్నది.

మా ఊరిలోని దుకాణమునకు పోయి చూపితిమి. అచటి పిల్లవాడు మూత యెత్తి, రెండు నిమిషములు చూచి, "అమ్మా, దీన్ల పానం లేదు. కొత్తది కొనుండ్రి" అనెను. కొత్తది ఎంతయని యడిగితిమి. నలుబదివేలకు లోబడి మంచిది రాదనెను. ఆ నెలలో మాకు అది అందని మాట.

మా అమ్మాయి మాత్రము ఆ మాట నమ్మలేదు. ఆమె కళాశాలలోను, ఫోనులోను కొన్ని దినములు చదివి, యంత్రమునకు ప్రాణము పోలేదనియు, దానికి పట్టినవి మూడు రోగములనియు తేల్చినది. ఆమె మాకు వంటింటి భాషలో చెప్పిన దానిని ఇక్కడ వ్రాసెదము. ఇంతకన్న తేటగా మాకెవ్వరును చెప్పలేదు.

కంప్యూటరులో లెక్కచేయు భాగము వంటచేయు చేయి వంటిది. ర్యాము అనునది వంటగట్టు. హార్డుడిస్కు సామానుల గది. వంటలక్క చేయి ఎంత వడిగలదైనను, గట్టు జానెడే యుండి, సామానుల గది పెరటికి ఆవల నుండి, ప్రతి గిన్నెకును అచటికి పోయి రావలసి వచ్చినచో వంట ఎప్పటికి తెమలును? మా యంత్రములో చేయి మంచిదే. గట్టు చిన్నది; దానిలోనున్న 4 జీబీ ర్యాము 2014లో చాలెడిది, నేటి పనులకు చాలదు. సామానుల గది మిగుల నెమ్మదియైనది. పాత హార్డుడిస్కులో ఒక పళ్లెము నిమిషమునకు 5,400 చుట్లు తిరుగుచుండును; సూది వంటి చేయి ఒకటి దానిపై అటునిటు పోయి, కావలసిన దానిని వెదకి తెచ్చును. వస్తువు పళ్లెములో ఎచట నున్నదో అచటికి సూది చేరువరకు తక్కిన యంత్రమంతయు చేతులు కట్టుకొని నిలువవలసినదే. ఇప్పుడు దానికి బదులు ఎస్.ఎస్.డి. అను దానిని పెట్టుచున్నారు. అందులో తిరుగునది, కదలునది ఏదియు లేదు, అంతయు చిప్పులే. అది పాత డిస్కు కూర్చున్న గూటిలోనే, ఆ కొలతకే వచ్చును. పాత కంప్యూటరునకు ఒక్క మరమ్మతే చేయింపగల శక్తి యున్నవారు ఈ యొక్కటి చేయించుకొనవలెనని ఇప్పుడు మేము నిస్సందేహముగా చెప్పగలము. మూడవ రోగము బ్యాటరీది. దానిని గూర్చి ముందు చెప్పెదము.

సికింద్రాబాదు పార్కులేనులో చినాయ్ ట్రేడు సెంటరను కంప్యూటర్ల బజారు గలదు. అందరును సి.టి.సి. అందురు. పాత యంత్రములకు తగిన భాగములు, వాడినవియును వాడనివియును, అచట ఒక్కచోట దొరకునని విని పోవుటకు నిశ్చయించుకొంటిమి. మా ఇంటివారు రానుపోను ఛార్జీలు దండుగ యనిరి. ఆ దండుగ మేము పాల లెక్కలో మిగిల్చుకొనియుంటిమి.

ఉదయపు బండికి కాజీపేటలో ఎక్కితిమి. సికింద్రాబాదునకు సుమారు 130 కిలోమీటర్లు. జాతర జనము అప్పటికి పలుచబడినను, పెట్టెలో ఇంకను బెల్లపు వాసన యుండెను. మేడారములో అమ్మవార్లకు బెల్లమే బంగారము గదా. జనగామ దాటిన పిదప పెంబర్తి స్టేషను వచ్చును. ఆ ఊరి ఇత్తడి పని కాకతీయుల కాలమునాటి నుండి వచ్చుచున్న దని చెప్పుదురు. ఇత్తడి మాట రాగానే మాకు మా అత్తగారి కాగు జ్ఞప్తికి వచ్చెను. అది ఆమె అత్తగారిది. అడుగు రెండుమార్లు చిల్లిపడగా మాటు వేయించిరి. ఏటేట వీధిలోకి కలాయివాడు వచ్చినప్పుడు దానికి కలాయి పెట్టించెడివారు. అది పాతదైనదని, పారవేయుమని ఆ ఇంటిలో ఎవ్వరును అనగా వినలేదు. కలాయివాడు రాకుండ పోయినప్పటి నుండియే దానిలో వంట మానిరి. అనగా పాత్ర చెడలేదు, బాగుచేయువాడు దూరమయ్యెను. కిటికీలోనుండి ఏకశిలగా లేచియున్న భువనగిరి గుట్ట కనబడువరకు మేము ఆ మాటయే మాటాడుకొంటిమి. చాళుక్య త్రిభువనమల్లుని పేర వెలసిన కోట అది. ఎక్కి చూడవలెనని ఎన్నియోమార్లు అనుకొంటిమి గాని, రైలులోనుండి చూచుటతోనే మా జన్మ గడచుచున్నది.

సికింద్రాబాదు స్టేషనులో అప్పుడు పునర్నిర్మాణము జరుగుచుండెను. ఇనుపరేకుల సందులలోనుండి, మూటలవాండ్రను ఒరసికొనుచు బయటపడి, ప్రక్కనే యున్న మెట్రోస్టేషను మెట్లెక్కితిమి. ఈ దారిని మెట్రో 2017 నవంబరులో మొదలైనది. అచటినుండి పరేడుగ్రౌండు, ఆపైన పారడైజు; రెండవ స్టేషనులోనే దిగవలెను. పైనుండి చూచిన సికింద్రాబాదు వేరు. 1806లో మూడవ నిజాము సికందరు జా పేర, హుసేనుసాగరమునకు ఉత్తరమున ఇంగ్లీషు దండు కొరకు వెలసిన ఊరది. పరేడు మైదానము, వెడల్పు వీధులు, పార్సీల అగ్నిదేవాలయము, పాత బంగళాల పెంకులు ఇంకను అక్కడక్కడ నిలిచియున్నవి. చినాయ్ అను పేరును సికింద్రాబాదు పార్సీలదే. పారడైజు అనగా ఇప్పుడు అందరికిని బిర్యానీయే తోచును గాని, ఆ కూడలికి ఆ పేరు ఒక సినిమాశాల వలన వచ్చినది.

అచటినుండి నడచి పోవచ్చును. బజారు చేరితిమి.

ఆ భవనమును వర్ణించుట కష్టము. అంతస్తుపై అంతస్తు, వసారాల వెంట అగ్గిపెట్టెలు పేర్చినట్లు చిన్నచిన్న అంగళ్లు. ఒక్కొక దానిలో ఒక మనిషి కూర్చుండ, ఒకరు నిలువబడ చోటు. ద్వారములకు త్రాళ్ల కట్టలు తోరణములవలె వ్రేలాడుచుండును. ఒక మూల కీబోర్డుల గుట్ట, దాని ప్రక్కను ప్రాణము తీసిన ల్యాప్‌టాపుల మూతలు, వడ్లబస్తాలవలె పేర్చిన డబ్బాలు. తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ మాటలు కలిసి ఒక్కటే హోరు. ఆడువారు మాతోకూడ నలుగురైదుగురే కనబడిరి. "అమ్మా, ఏం గావాలె?" అని ప్రతి గుమ్మమునుండియు పిలుపే. చీరల బజారులో బేరమాడి గడించిన ధైర్యము కొంత యుండెను గనుక నిలువబడగలిగితిమి.

మొదటి అంగడివాడు యంత్రమును మూత యెత్తకయే, తూకము చూచునట్లు చేతబట్టి, లోపలి పెద్ద పలక కాలిపోయినదనియు, తానైనచో 1,500 రూపాయలు ఇచ్చి తీసికొందుననియు చెప్పెను. అర్ధగంట ముందే రైలులో దానిని వెలిగించి చూచితిమి! పలక కాలినయెడల అది వెలుగునా? చిరునవ్వు నవ్వి బయటికి వచ్చితిమి. సోదరీమణులారా, ఇచ్చట ఒక మాట. మరమ్మతుకు పోవునప్పుడు మీ యంత్రము ఏది చేయుచున్నదో, ఏది చేయకున్నదో ఒక కాగితముమీద వ్రాసికొని పొండు. మా అమ్మాయి అట్లే వ్రాసితెచ్చెను. ఆ కాగితము మాకు వకీలువలె పనిచేసినది.

పై అంతస్తులో, కిటికీ ప్రక్కను ఒక పెద్దాయన దొరకెను. ముక్కుమీద అద్దములు, నుదుట మరియొక భూతద్దము, ఎదుట పాత బిస్కత్తు డబ్బాలో మేకులు. ఆయన కాగితమంతయు చదివి, మాతో గాక మా అమ్మాయితో, "నువ్వే విప్పుతవా బిడ్డా?" అని స్క్రూడ్రైవరు చేతికిచ్చెను. ఆమె మాకేసి చూచెను. మేము తల యూచితిమి. పదునొకండు మేకులు. విప్పినదానిని విప్పినట్లు, ఏది ఎచటిదో తెలియునట్లు కాగితముపై బొమ్మవలె పేర్చినది.

క్రిందిమూత రాగానే ఆయన మొగము మారెను. బ్యాటరీ ఊదిపోయి, దిండువలె ఉబ్బి, పైభాగమును ఎత్తుచున్నది. వ్రేలితో నడుపు పలక ఎత్తుగా నున్నదని మేము ఎన్నాళ్ల నుండియో చూచుచునే యుంటిమి. దాని అర్థము మాకు తెలియదు. ఉబ్బిన బ్యాటరీ గ్రుచ్చుకొన్నను నలిగినను అంటుకొని మండగలదట. మా బిడ్డ దానిని ఒడిలో పెట్టుకొని, దుప్పటిమీద పెట్టుకొని చదివినది! మీ ఇంట ఏ కంప్యూటరుకైనను, ఫోనునకైనను వీపు ఉబ్బినట్లు కనబడినచో వెంటనే ఛార్జి పెట్టుట మానుడు, పొడువకుడు, నొక్కకుడు, ఇంటి చెత్తలో వేయకుడు, బాగుచేయువాని కప్పగింపుడు. ఈ యొక్క సంగతికై పోయినను ఆ ప్రయాణము మాకు గిట్టినట్లే.

గాలి త్రిప్పు చిన్న ఫంకాలో పదియేండ్ల దుమ్ము గడ్డకట్టి, కంబళిముక్కవలె వచ్చెను. వేడి పోవు దారి లేక యంత్రము తన్ను తాను కాచుకొనుటకై వడి తగ్గించుకొనునట. ఆయన కుంచెతో తుడిచి, లెక్కచేయు చిప్పుమీద ఎండిపోయిన లేపనమును తీసి క్రొత్తది పూసెను.

తరువాత ర్యాము. మరియొక 4 జీబీ ముక్కను చేర్చినచో మొత్తము 8 అగును. ఆయనయొద్ద లేదు. క్రింది అంతస్తులో ఒక అంగడిలో వాడినదానిని 600 రూపాయలకు కొని తెచ్చితిమి. పెట్టి చూడగా యంత్రము వెలుగలేదు. తెర నల్లనే. మాకు కాళ్లలో సత్తువ పోయినది. "ఉన్నదానిని చెడగొట్టుకొంటిమా?" అని మనసులో అనుకొంటిమి గాని పైకి అనలేదు. మా అమ్మాయి ఆ ముక్కను తీసి, అచ్చువేసిన చిన్న అక్షరములను ఫోను దీపముతో చదివి, "అమ్మా, దీనిమీద ఎల్ లేదు" అనెను. మా యంత్రమునకు కావలసినది డి.డి.ఆర్.3 ఎల్ అను తరగతి. అది తక్కువ వోల్టేజితో, 1.35తో, పనిచేయును. తెచ్చినది ఎల్ లేని 1.5 వోల్టులది. చూపునకు రెండును కవలపిల్లలే. పెద్దాయన భూతద్దము దింపి చూచి, "పిల్ల చెప్పిందే కరెక్టు" అనెను. అమ్మిన అంగడివాడు అమ్మినది తిరిగి తీసికొనమనెను. అప్పుడు మాట్లాడవలసినవారము మేము. ఎల్ కావలెనని అమ్మాయి అడిగిన మాట అతని ఎదుటనే యుండిన మరి యిద్దరు విన్నారని గుర్తుచేసితిమి. మా గొంతు కొంచెము పెద్దదియే. సరియైన ముక్క చేతికి వచ్చెను. అది పెట్టగానే తెర వెలిగెను.

మధ్యాహ్నమైనది. మెట్లమీద కూర్చుండి, సద్ది విప్పి పులిహోర, సకినాలు తింటిమి. పెద్దాయనకును పెట్టితిమి. మాటలలో ఆయన, ఆ బజారులో కొన్ని గదులు విడిభాగములను ఏరుట తోడనే బ్రదుకుచున్నవనియు, చచ్చిన పది యంత్రములలోనుండి మూడింటికి ప్రాణము పోయవచ్చుననియు చెప్పెను. ఐక్యరాజ్యసమితివారు 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో లోకమంతట పారవేసిన విద్యుత్తు, ఎలక్ట్రానిక్ వస్తువుల బరువు 6.2 కోట్ల టన్నులు. అందు సక్రమముగా సేకరించి కరగించినట్లు లెక్కకు వచ్చినది నాలుగవ వంతైనను లేదు. ఆయన ఆ లెక్క చదివియుండడు, చేతితో ఎరుగును.

పాత డిస్కును తీసి ఎస్.ఎస్.డి. పెట్టుటకు ముందు ఆయన అడిగెను: "దీన్ల పాత ఫోటోలు, కాగితాలు కావాల్నా?" మంచివేళ అడిగెను. పెద్దవాని కళాశాల ఫోటోలు, మా అత్తగారి చివరి సంక్రాంతి ఫోటోలు అందులోనే యున్నవి. 250 రూపాయల డబ్బా యొకటి కొని ఆ డిస్కును అందులో బిగించితిమి. ఇప్పుడది బయటినుండి తగిలించుకొను పెట్టెగా పనికివచ్చుచున్నది. అందులో చూడగా పెద్దవాని ఉత్తరముల ఖాతా, బ్యాంకు కాగితములు తాళము లేక అట్లే యున్నవి. అయిదేండ్లు సజ్జమీద! ఇంటిలోని వారి చేతికే వచ్చినది గనుక సరిపోయెను. మీరు పాత యంత్రమును పనిమనిషి పిల్లలకో, బంధువులకో ఇచ్చునప్పుడు మీ ఖాతాలనుండి బయటికి వచ్చి, మీ ఫోటోలు తీసి, డిస్కును పూర్తిగా తుడిపించి ఇండు. ముఖ్యముగా ఆడపిల్లల ఫోటోలున్నచో ఈ జాగ్రత్త మరువరాదు.

ఇక యంత్రమును నడుపు వ్యవస్థ మాట. ప్రక్క అంగడి కుర్రవాడు 300 రూపాయలకు విండోసు దొంగనకలు ఎక్కించెదననెను. దొంగనకలులో ఏ పురుగు దూరియుండునో ఎవరెరుగుదురు? పైగా మా యంత్రము విండోసు 11కు అర్హముకాదు. ఆ కంపెనీవారు ఇంటెలు చిప్పులలో ఎనిమిదవ తరమునకు ముందువానిని ఒప్పుకొనరు, మాది నాలుగవ తరము. విండోసు 10కి 2025 అక్టోబరు 14తో సాధారణ సంరక్షణ ముగియునని అప్పటికే ప్రకటించియుండిరి, అట్లే ముగిసినది. ఆనాడు ఎన్నియో మంచి యంత్రములు, ఏ రోగమును లేకయే, పాతవిగా లెక్కింపబడెను.

మా అమ్మాయి పెన్‌డ్రైవులో లినక్సు మింటు అనుదానిని తెచ్చుకొనెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టిన లినక్సునకు ఇది యొక రూపు. వెల లేదు, ఎందరికైనను పంచవచ్చును. పాత యంత్రములకు అందులోనే ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికపాటి తరగతి యున్నది. ఎక్కించుటకు అర్ధగంటయైనను పట్టలేదు. ఉత్తరములు, లెక్కల పట్టికలు వ్రాయుటకు లిబ్రాఆఫీసు దానితోనే వచ్చును. ఆమె గణాంకశాస్త్రమునకు కావలసిన ఆర్ అను సాధనమును ఉచితమే. తెలుగు లిపియు చక్కగా కనబడినది. తెలుగులోనే మెనూలుండునట్లు చేయుటకు మన స్వేచ్ఛ సంస్థవారును, మరికొందరును చాల కృషి చేసిరి.

అన్నియు సుఖములే యని చెప్పుట అబద్ధమగును. పత్రికల, పెండ్లిపత్రికల అచ్చుపని చేయువారు వాడు కొన్ని పాత తెలుగు సాధనములు దీనిలో నడువవు. కొన్ని పరీక్షలకు విండోసే కావలెనందురు. అట్టి దినమున ఆమె కళాశాలకు పోవును. మా ఇంటి ప్రింటరు మొదటి వారము మొండికేసినది. తెర పగిలి, కీలు విరిగి, పలకయు నిజముగా కాలియున్న యంత్రమునకు డబ్బు పోయుట తెలివి గాదు. మరమ్మతు ఖర్చు కొత్తదాని వెలలో మూడవ వంతు దాటినచో మానుకొనుటయే మేలని మా అభిప్రాయము.

మాకు ఆనాడు అయిన లెక్క యిది. ఎస్.ఎస్.డి. 256 జీబీది 1,650. ర్యాము 600. బ్యాటరీ 1,500, కంపెనీది కాదు, దానికి సరిపడునది. దుమ్ముతీసి, లేపనము పూసి, బిగించినందులకు 300. పాత డిస్కునకు డబ్బా 250. వెరసి 4,300 రూపాయలు. 2025 చివరనుండి ర్యాము, ఎస్.ఎస్.డి.ల ధరలు పెరిగినవి. కావున పోవునాడు రెండు మూడు చోట్ల విచారించి కొనుడు. చేతిలో అంత లేనివారు ఎస్.ఎస్.డి. యొక్కటి ముందు పెట్టించి, తక్కినవి తరువాత చూచుకొనవచ్చును. ఇంటిలోనే ప్లగ్గునకు తగిలించి వాడువారు, ఉబ్బిన బ్యాటరీని తీసివేయించి, కొత్తది లేకయే కొన్నాళ్లు గడుపవచ్చును. యంత్రము ఒప్పుకొనునో లేదో బాగుచేయువానినే అడుగవలెను.

బిగింపంతయు అయిన పిదప పెద్దాయన మీట తాను నొక్కక, "నొక్కు బిడ్డా" అనెను. మేము గోడమీది గడియారము చూచితిమి. ఇరువది క్షణములు పట్టెను. మా అమ్మాయి నవ్వలేదు. మరల ఆర్పి, మరల వెలిగించి, మరల లెక్కించుకొనెను. అప్పుడు నవ్వెను.

సాయంకాలపు బండిలో కూర్చుండుటకు చోటు దొరకినది. భువనగిరి గుట్ట చీకటిలో కలిసిపోయెను. ఆమె ఒడిలో యంత్రము తెరచుకొని ఏవో అంకెలు వేసికొనుచుండెను. మేము చాలసేపటికి, "అన్నకు కొత్తది కొంటిమి, నీకు పాతది ఇచ్చితిమి. మనసున పెట్టుకొంటివా?" అని యడిగితిమి. తెరమీదినుండి చూపు త్రిప్పకయే, "పెట్టుకొన్నాను" అనెను. జనగామ వచ్చువరకు ఇరువురమును మరల మాటాడలేదు. జనగామలో ఆమె దిగి రెండు టీలు తెచ్చి ఒకటి మా చేతికిచ్చెను.

ఆ సంవత్సరము దసరాకు పెద్దవాడు ఇంటికి వచ్చెను. చెల్లెలి యంత్రము తెరచి చూచి ఆశ్చర్యపడి, "ఇది నాదే గదా! నా కంపెనీదానికన్న తొందరగా లేచుచున్నదే" అనెను. మూతమీద వాడు ఇంజనీరింగు నాడు అంటించుకొనిన పేరు చీటీ అట్లే యుండెను. మరునాడు మేము ఆ యంత్రమును, రెండు కొత్త స్టీలు గిన్నెలను పట్టుకొని చౌరస్తాలో పాత్రల అంగడికి పోతిమి. పేర్లు చెక్కువాడు కంప్యూటరును చూచి ముందు వెనుకాడెను. మా అమ్మాయి క్రిందిమూత మేకులు తానే విప్పి, ఉత్తమూతను అతని చేతికిచ్చెను. గిన్నెలమీద మా ఇంటిపేరు చెక్కించి, మూతమీద ఆమె పేరు చెక్కించితిమి. అక్షరమునకు రెండు రూపాయలు తీసికొనెను.